ప్రయాణ సన్నాహము

ప్రయాణము చేయుటకంటె ప్రయాణమునకు సిద్ధపడుటయే కష్టము. బండి యెక్కిన పిదప దారియే మనలను నడపించును. ఎక్కక ముందు మాత్రము ఎవరు పోవలెను, ఎప్పుడు పోవలెను, ఏమి తీసికొనిపోవలెను అను ప్రశ్నలకు మనమే సమాధానము చెప్పుకొనవలెను. ఆ సమాధానములలోనే ఒక కుటుంబము యొక్క మనసు తెలియును.

గోదావరీనది ధవళేశ్వరము దిగువను గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలి సముద్రమునకు పోవును. ఆ రెండు పాయలకును, దక్షిణమున బంగాళాఖాతమునకును నడుమ నున్న నేలయే కోనసీమ. రావులపాలెము దానికి వాకిలి. ఒకవైపు గౌతమి వంతెన, మరియొకవైపు వసిష్ఠ వంతెన. నడుమ అరటిగెలలతో నిండిన లారీలు. చుట్టును నీరుగల నేలను ద్వీపమందురు గదా! ఆ లెక్కను కోనసీమ వారందరును ద్వీపవాసులే. అయినను ఆ సంగతి వారికి తరచుగా జ్ఞప్తికి రాదు.

అట్టి రావులపాలెమున అరటిగెలల వ్యాపారము చేయు ఒకరి యింట, దసరా సెలవులలో ద్వీపము మాట వినవచ్చెను. విదేశమున ఉద్యోగము చేయు తమ్ముడు ఫోనులో అన్నగారితో, "అన్నయ్యా, వచ్చు వేసవిలో మనమందరము గ్రీసుదేశపు సాంటోరిని ద్వీపమున కలిసికొందము. వారము దినములు సముద్రపుటొడ్డున గడపుదము. ఖర్చులో సగము నాది" అనెను.

పిల్లల సంతోషమునకు మేర లేదు. ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలిక వెంటనే ఒక నోటుపుస్తకము తీసి, తెలిసికొన్న సంగతులన్నియు వ్రాయసాగెను. క్రీస్తుపూర్వము 1600 ప్రాంతమున పెద్ద అగ్నిపర్వతము బ్రద్దలు కాగా ఆ ద్వీపమునకు నేటి ఆకారము వచ్చినది. అందుచేతనే అచ్చటి తీరములలో కొన్నింట ఇసుక నల్లగా నుండును. జులై, ఆగస్టు నెలలలో ఉత్తరపు గాలులు బలముగా వీచి ఒక్కొక్కప్పుడు ఓడలను ఆపివేయును. 2025 ఫిబ్రవరిలో వరుసగా భూకంపములు కలుగగా, వేలమంది కొంతకాలము ద్వీపమును విడిచిపోయిరి. అచ్చటికి పోవుటకు పాస్‌పోర్టు, వీసా మాత్రమే చాలవు. 30,000 యూరోలకు తగ్గని వైద్యబీమా కూడ ఉండవలెను. ఇన్ని సంగతులు వరుసగా వ్రాసిన కుమార్తెను చూచి తండ్రి మురిసిపోయెను.

పుస్తకము చివరి పుటలో ప్రయాణికుల పట్టిక యున్నది. నాన్న, అమ్మ, నేను, తమ్ముడు. దాని క్రింద ఇట్లు వ్రాసియుండెను: "మామ్మ ఇంటివద్ద. ప్రక్కింటి అత్తయ్య చూచుకొనును."

తండ్రి ఆ పంక్తి చదివి తలయెత్తెను. బాలిక, "ఆ ద్వీపమున ఫిరా పట్టణము నుండి పాతరేవునకు దిగుటకే 580కి పైగా మెట్లున్నవి, నాన్నా. మామ్మకు మోకాళ్ళ నొప్పులు గదా!" అనెను. ఆ మాటలో దయ లేకపోలేదు.

వాకిట కూర్చుండి చిక్కుడుకాయలు ఒలుచుచున్న ముసలామె, "నన్నుగూర్చి తలపోయవద్దు, నాయనా! గేదెకు నీళ్ళు పెట్టుటకు ఒకరుండవలెను. మీరు పోయి రండి" అనెను.

"మామ్మా, నీవు సముద్రము నెప్పుడైన చూచితివా?" అని మనుమరాలు అడిగెను.

"చూడలేదమ్మా. పెండ్లియైన క్రొత్తలో మీ తాతగారు అంతర్వేది తీర్థమునకు తీసికొనిపోయెద నన్నారు. ఆ యేడు వరికుప్పలు తడిసినవి. మరుసటి యేడు మీ నాన్న పుట్టినాడు. ఆ తరువాత నిత్యము ఎవరికో ఒకరికి అన్నము పెట్టుటయే సరిపోయినది."

మనుమడు వ్రేళ్ళు మడచి లెక్కించెను. రావులపాలెము నుండి అంతర్వేది ఇంచుమించు 70 కిలోమీటర్లు. మామ్మకు 70 ఏండ్లు. "ఏడాదికొక కిలోమీటరు నడచినను ఈపాటికి చేరియుందువు గదా, మామ్మా!" అని వాడు నవ్వెను. వానితో కూడ ఎవరును నవ్వలేదు.

ఆ రాత్రి తండ్రి తమ్మునికి ఫోను చేసి, తల్లి చెప్పిన మాటలు చెప్పెను. అవతలివాడు కొంతసేపు మాటాడలేదు. పిదప, "ఆ సంగతి నాకు తోచనే లేదు, అన్నయ్యా. సంక్రాంతికి నేనే వచ్చెదను. ముందు అమ్మకు సముద్రము చూపుదము. సాంటోరిని తరువాత చూడవచ్చును" అనెను.

ఈ నిర్ణయము అందరికిని సులభము కాలేదు. చిన్నవాడు గ్రీసు పోవుచున్నానని తోటి పిల్లలతో అదివరకే చెప్పియుండెను. వాడు ఆ దినమంతయు అన్నము సరిగా తినలేదు. తల్లి వానిని మందలింపక, ఏడ్చి ఊరడిల్లు వరకు ప్రక్కనే కూర్చుండెను.

బాలిక క్రొత్త పుట తిరుగవేసి, "మామ్మ" అని మొదటి పంక్తి వ్రాసెను. ఆ ఒక్క పేరు మీద పట్టికయంతయు మారిపోయెను. ఎప్పుడు పోవలెను? అక్టోబరు, నవంబరు తుపానుల కాలము. 1996 నవంబరు 6వ తేదీ తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలగూల్చి, అనేకుల ప్రాణములు తీసిన సంగతి ఆ యింటివారు మరువలేదు. మాఘమాసమున భీష్మైకాదశికి స్వామివారి కల్యాణోత్సవములు. ఆ జనసమ్మర్దమున ముసలామె నిలువలేదు. మేనెల యెండకు ఇసుక కాలును. కావున సంక్రాంతి సెలవులే మేలు. కాని కనుమనాడు కాకి కూడ కదలదందురు. ముక్కనుమ దాటిన మరునాడు బయలుదేరుటకు నిశ్చయించిరి.

గ్రీసు తీరమున ఆటుపోటులు మిక్కిలి స్వల్పము. బంగాళాఖాతమున అట్లు కాదు. అమావాస్య, పున్నముల యందు పోటు హెచ్చుగా నుండును. కనుక ఆ దినములు తప్పించిరి. నదియు సముద్రమును కలియుచోట లోతు తెలియదు, ప్రవాహము లాగును. అచ్చట నీటిలో దిగరాదని, వేరొకచోట దిగినను మోకాలిలోతు దాటరాదని తండ్రి నియమము చేసెను. ఒక కుర్చీ, మోకాళ్ళకు రాయు తైలము, మంచినీళ్ళు, పులిహోర, దారిలో పంచుటకు ఒక చక్కెరకేళి గెల పట్టికలోనికి చేరెను.

అనుకొన్న దినమున కారులో కొత్తపేట మీదుగా గన్నవరము చేరిరి. వైనతేయ పాయ మీదుగా కాలువనీటిని దాటించు అక్విడెక్టు అచ్చట గలదు. క్రొత్త అక్విడెక్టునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టియున్నారు. 1841లో జన్మించి 1909లో కాలము చేసిన ఆ ఇల్లాలు, వేళగాని వేళ వచ్చినవారికి కూడ అన్నము పెట్టెను. ఒకమారు ఆమె అంతర్వేది స్వామిని చూడ బయలుదేరి, దారిలో విశ్రమించియుండగా, ఆకలిగొన్న బాటసారులు తమ పిల్లలతో, "కొంచెము ఓర్చుకొనుడు, సీతమ్మగారి యిల్లు చేరిన అన్నము దొరకును" అనుచుండగా వినెనట. వెంటనే ఆమె యాత్ర మాని యింటికి మరలెనని చెప్పుదురు.

చిన్నకొడుకు ఈ కథ చెప్పుచుండగా ముసలామె నిశ్శబ్దముగా వినెను. పిదప, "ఆ తల్లి ఇచ్చట నుండి మరలిపోయినది. మనము పోవుచున్నాము. ఆమె పక్షమున కూడ ఒక దండము పెట్టి వత్తము" అనెను.

రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి దాటి అంతర్వేది చేరిరి. స్వామి దర్శనమైన పిదప సముద్రపుటొడ్డునకు పోయిరి. ముసలామె కుర్చీలో కూర్చుండుటకు అంగీకరింపలేదు. మనుమని చేయి పట్టుకొని మెల్లగా నడచి, చీలమండలు తడియునంతవరకు పోయి నిలిచెను. అల వెనుకకు పోవునప్పుడు పాదముల క్రింది ఇసుక జారెను. ఆమె తూలబోవగా, గ్రీసు పోలేదని ఏడ్చిన ఆ పిల్లవాడే రెండు చేతులతో ఆమెను గట్టిగా పట్టుకొనెను. "ఇంత నీరు ఇంత దగ్గర నున్నదా!" అని ఆమె వంగి, ఆ నీటిని తలపై చల్లుకొనెను.

దూరదేశములు చూడగోరుట తప్పు గాదు; చూడవలసినదే. సాంటోరిని యాత్రపట్టిక ఆ యింట ఇంకను భద్రముగా నున్నది. దానికై కొంచెము కొంచెముగా ధనము కూడబెట్టుచున్నారు. బాలిక అందు ఒక్క మార్పు మాత్రము చేసినది. ప్రయాణికుల పేర్లలో మొదట మామ్మ పేరు వ్రాసి, దాని ప్రక్కన ఇట్లు చేర్చినది: "మెట్లు లేని దారి వెదకవలెను."