72 డిగ్రీల దాకా ఆగాలా?

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో చిల్లర్లు, పంపులు ముందే మావాళ్లు పంచేసుకున్నారు. నాకు మిగిలింది ఫైర్ డ్యాంపర్లు. ఐదంతస్తుల ఆఫీసు బిల్డింగులో వెంటిలేషన్ డక్టు ఫైర్ గోడను దాటే ప్రతిచోటా ఒకటి పెట్టాలి. మొత్తం 14 చోట్లు.

డ్యాంపరంటే డక్టు లోపల ఉండే రేకు తలుపు, అంతే. దాన్ని మూసుకోకుండా పట్టుకునేది ఫ్యూజిబుల్ లింకు అనే చిన్న ముక్క. దాని దగ్గర వేడి 72 డిగ్రీలకు చేరితే లింకు కరిగి ఊడిపోతుంది, స్ప్రింగు తలుపును మూసేస్తుంది. ఇక గంటన్నరో రెండు గంటలో మంట అటువైపే ఆగుతుంది. కరెంటు అక్కర్లేదు, వైరింగు లేదు, చవక. ఎక్సెల్‌లో 14 గళ్లలోనూ అదే కాపీ పేస్ట్ కొట్టి ల్యాప్‌టాప్ మూసేశాను.

ఆ రాత్రి తార్నాక రూంలో ఇదంతా అక్కకు గొప్పగా చెప్పాను. అక్క సికింద్రాబాద్‌లో ఒక బిల్డింగు నాలుగో అంతస్తులో, కాల్ సెంటర్‌లో చేస్తుంది. అన్నం కలుపుకుంటూనే అడిగింది: "మరి పొగ గూడ వేడెక్కేదాంక ఆగుతదారా?"

ఎందుకు అడిగిందో నాకు తెలుసు. 2023 మార్చి 16 రాత్రి స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పోయారు. ఇరవై దాటిన పిల్లలు, వరంగల్, ఖమ్మం వైపు నుంచి ఉద్యోగానికొచ్చినవాళ్లు. వాళ్లను చంపింది మంట కాదు, పొగ. అంతకు ఆర్నెల్ల ముందే, 2022 సెప్టెంబరు 12న, అదే సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం అంటుకుంటే పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కింది. ఎనిమిది మంది. డ్యాంపర్లుంటే వీళ్లంతా బతికేవాళ్లని నేననను. మెట్ల దారిన ఎక్కే పొగను డక్టులోని రేకు ఏం ఆపుతుంది? కానీ నా డక్టు సంగతి వేరు. మంట పుట్టిన గది నుంచి దూరం వచ్చేసరికి పొగ చల్లబడుతుంది. 50 డిగ్రీల పొగకు లింకు కదలదు. మనిషి కూలబడిపోడానికి మాత్రం ఆ పొగ చాలు.

తెల్లారి క్యాంపస్‌లో కూర్చుని షీటంతా మార్చాను. పొగ డిటెక్టర్ చెప్పగానే మూసుకునే మోటరు డ్యాంపర్లు. కరెంటు పోయినా స్ప్రింగు మూసేస్తుంది. దాంతోపాటే గాలి తోసే ఫ్యాను కూడా ఆగేలా కలపాలి. ధర చూసి కళ్లు తిరిగాయి, నా డబ్బు కాకపోయినా!

సార్ ధర అడగలేదు. డ్రాయింగు మీద వేలు పెట్టి, "మూసుకున్నదాన్ని మళ్లీ తెరవడానికి, ఏటా టెస్టు చేయడానికి మనిషి చెయ్యెక్కడ పెడతాడు?" అన్నారు. ఆరు చోట్ల నేను డక్టుకు చిన్న తలుపే పెట్టలేదు. మూడింటి కింద పైపులు గీసేశాను.

ఆ సంగతి అక్కకు మెసేజ్ పెట్టాను. లంచ్ బ్రేక్‌లో వాళ్ల ఆఫీసు ఫొటో ఒకటి పంపింది: మెట్ల తలుపుకు అడ్డంగా నడుమెత్తు పేర్చిన అట్టపెట్టెలు.

కింద రాసింది: "దీనికి ఏ డ్యాంపర్ పెడతవురా?"