గొంతు కలిపే పిల్లలు

జూన్‌లో బడి తెరిచింది మొదలు మా శింగనమల పిల్లల గొంతులకు తీరిక లేదు. ఆగస్టు 15, గురుపూజోత్సవం, బాలల దినోత్సవం, జనవరి 26, ఆపైన వార్షికోత్సవం. దేనికైనా బృందగానం ఉండాల్సిందే. తొమ్మిదో తరగతి మగపిల్లలది గొంతు మారే వయసు. పైస్థాయి అందక చిన్నబుచ్చుకుని పెదవులు మాత్రం ఆడిస్తారు. శ్రుతి కాస్త దించితే చాలు, అందరూ కలుస్తారు. పోటీల్లో బహుమతి కోసం వాళ్లను వెనక్కి నెట్టడం నాకు అస్సలు నచ్చదు.

గొంతు కలపడం గురించి పిల్లలకు ఓ సంగతి చెప్పాను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ మదనపల్లెలో బెసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి జనగణమన పాడారు. విద్యార్థులు గొంతు కలిపారు. ఆ బాణీకి స్వరాలు రాసిపెట్టింది అక్కడే ఉన్న మార్గరెట్ కజిన్స్. మన రాయలసీమలోనే! ఇది చెప్పిన రోజు పిల్లలు పాడిన తీరే వేరు.

వానలు మొహం చాటేసి వేరుశనగ ఎండితే మా ఊరివాళ్లు పిల్లలను వెంటబెట్టుకుని, ఇళ్లకు తాళాలేసి బెంగళూరు పనులకు పోతారు. పోయినసారి సంక్రాంతి దాటాక మంచి గొంతున్న పాప ఒకతి అలాగే వెళ్లిపోయింది. ఈ ఏడు ముందుగానే వాళ్ల నాయనతో మాట్లాడి హాస్టల్లో చేర్పించాలి.