క్రౌడ్‌ఫండింగ్ ముగిశాక బోర్డు గేమ్ అమ్మకం

ఆట తయారీకి జనం నుంచి ముందే డబ్బు సేకరించే క్రౌడ్‌ఫండింగ్ గడువు ముగిసినంత మాత్రాన బోర్డు గేమ్ అమ్మకం ముగిసిపోదు. ఆలస్యంగా వచ్చినవారు గడువు దాటాక కూడా ముందస్తుగా డబ్బు కట్టే ‘లేట్ ప్లెడ్జ్’ మొదటి మార్గం. క్రౌడ్‌ఫండింగ్ వేదిక కిక్‌స్టార్టర్ ఈ వీలును 2024లో తెచ్చింది. బ్యాకర్‌కిట్, గేమ్‌ఫౌండ్ వేదికల్లోనూ ఇది ఉంది.

రెండోది మిగులు సరుకు. ఎక్కువ పెట్టెలు ఒకేసారి చేయిస్తే ఒక్కోదానికి ఖర్చు తగ్గుతుంది. అందుకే మద్దతుదారుల లెక్కకు మించి చేయించి దుకాణాలకు ఇస్తారు. వర్తకుడి వాటా పోను లాభం మిగిలేలా ధరను మొదటే నిర్ణయించుకోవాలి.

అమ్మేముందు నిబంధనలూ చూసుకోవాలి. భారత్‌లో 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారుల తయారీకి మినహాయింపు ఉంది. కాబట్టి పులిమేక పటాలు, వామనగుంటల పీటలు చెక్కే చేతివృత్తివారు ముందు ఆ నమోదు చేయించుకోవడం మేలు.

మూడోది నేరుగా అమ్మకం. ఉదాహరణకు, కడప జిల్లాలో పాపఘ్ని ఒడ్డున గండి వీరాంజనేయస్వామి సన్నిధికి శ్రావణ శనివారాల్లో జనం పోటెత్తుతారు. ఆటను అక్కడికక్కడే ఆడించి చూపి అమ్మడానికి అలాంటి తిరునాళ్లే తగిన చోటు.

ఏ మార్గమైనా, ముందు డబ్బిచ్చినవారికి పెట్టె చేరాకే సరుకు అంగట్లోకి రావాలి. మాట నిలిస్తేనే మలి ఆటకు మదుపు పుడుతుంది.