కారు వచ్చింది... కాగితం రాలేదు!

మా చిన్నాయనది జక్రాన్‌పల్లి. పసుపు రైతు. 2019 వేసవిలో నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు అమ్మి, ఆ డబ్బు చేతికందగానే నాకు ఫోన్ చేశాడు. ‘‘కారు కొందాం బిడ్డా. మీ చిన్నమ్మకు దమ్ము లేస్తే రాత్రిపూట ఆటో ఏడ దొరుకుతది?’’

మాకు మహారాష్ట్ర దూరమేం కాదు. బోధన్ దాటి సాలూర వెళ్తే సరిహద్దే. ఇక్కడ మూడు లక్షలు చెబుతున్న సెకండ్ హ్యాండ్ కారు నాందేడ్‌లో రెండు లక్షల ముప్ఫై వేలకే ఉందని తెలిసింది. ‘‘నువ్వు పేపర్ల పనిచేస్తవు గద, నీకు తెలుస్తది’’ అంటూ నన్ను వెంటబెట్టుకెళ్లాడు.

నేను టైర్లు చూశాను. ఏసీ వేసి చూశాను. బానెట్ ఎత్తి, అంతా అర్థమైనట్టు తలూపాను. ఆర్‌సీ మాత్రం శ్రద్ధగా చదవలేదు. బ్యాంకు అప్పుతో కొన్న బండి అని అందులో రాసే ఉంది. ‘అప్పు ఎప్పుడో తీరింది, ఎన్‌వోసీ పది రోజుల్లో పంపిస్తా’ అన్నాడు అమ్మినాయన. మొత్తం డబ్బు లెక్కపెట్టి ఇచ్చి వచ్చాం.

పది రోజులు కాస్తా ఐదు నెలలయ్యాయి. అప్పు తీరిన మాట నిజమే. కానీ బ్యాంకు నుంచి ఫారం 35 తెచ్చి ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించలేదు. అది తీస్తే తప్ప అక్కడి ఆర్టీవో ఎన్‌వోసీ రాదు. అది రాకుంటే ఇక్కడ పేరు మారదు. ఈలోగా బీమా గడువూ ముగిసింది. ‘‘ఎవలికన్న తాకిస్తే ఉన్న భూమి గూడ పోతది’’ అని చిన్నాయన కారు మీద టార్పాలిన్ కప్పేశాడు.

ఆ వానాకాలంలో ఒక రాత్రి చిన్నమ్మకు ఆయాసం ఎక్కువైంది. వాకిట్లో కారుంది. అయినా ముప్పావు గంట ఆటో కోసం చూశాం. ఆమె గండం గడిచింది. చిన్నాయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అందుకే చెబుతున్నా. పక్క రాష్ట్రం బండి నచ్చితే ముందు ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడండి. బండి మీద అప్పుంటే తెలుస్తుంది. ఫారం 28తో వచ్చే ఎన్‌వోసీ చేతికందాకే చివరి విడత డబ్బివ్వండి. పేరు మార్పిడికి 29, 30 ఫారాల మీద అమ్మినవాళ్ల సంతకాలు అప్పుడే తీసుకోండి. ఇక్కడి కొత్త నంబరుకు ఫారం 27 పెట్టాలి. వేరే రాష్ట్రం నంబరుతో పన్నెండు నెలలకు మించి తిప్పకూడదని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతోంది. బీమా కూడా మీ పేరుకు మార్పించుకోవాలి.

ఇంకో సంగతి. వాహన పన్ను ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. అక్కడ కట్టింది ఇక్కడ చెల్లదు. కారు అసలు ధర, వయసు చూసి ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ వేస్తారు. అదీ, నాందేడ్ తిరిగిన ఖర్చులూ కలిపితే మాకు మిగిలిందనుకున్న డెబ్బై వేలలో మిగిలింది స్వల్పమే.

చివరికి ఎంహెచ్ 26 పోయి టీఎస్ 16 నంబరు వచ్చింది. ఆ రోజు చిన్నమ్మ ఇంట్లో పండిన పసుపు తెచ్చి ప్లేటుకు బొట్టు పెట్టింది. ‘‘ఇయ్యాల్నే మనదైంది’’ అంది. అవును, అప్పటిదాకా అది మా వాకిట్లో నిలబెట్టిన ఎవరిదో కారు!