ఎడమకాలి విద్య

ఎడమచేత్తో ముద్ద కలిపితే మా అవ్వ చేతిమీద ఒక్కటిచ్చేది. ఎడమచేత్తో అక్షరం దిద్దితే పంతులుగారు ఇంకొకటి. ఎడమంటే మనకంత చులకన! అట్లాంటిది, పనికిరాని కాలికే ప్రత్యేకంగా పందేలు పెట్టిన పంతులొకాయన మన హైదరాబాదులో ఉండేవాడంటే నమ్ముతారా?

ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక చాలామందికి తెలిసింది గానీ, మావారి ఫుట్‌బాల్ పిచ్చి పుణ్యమా అని నాకు పెళ్లయిన కొత్తలోనే తెలుసు. బళ్లో పాఠాలు చెప్పుకునే ఆ మనిషి 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యాడు. ఆ ఏడు మొదలు 1954 దాకా వరసగా అయిదుసార్లు ఆ జట్టే రోవర్స్ కప్పు గెలిచింది. దేశపు జట్టునూ ఆయన చేతిలోనే పెట్టారు. కుడివాటం వాడు ఎడమకాలితో, ఎడమవాటం వాడు కుడికాలితో మాత్రమే ఆడాలని ఒక పందెం. బంతిని కాలిదగ్గర అట్టిపెట్టుకోకుండా వెంటనే పక్కవాడికి అందించాలని ఇంకొకటి. ఇవీ ఆయన పాఠాలు.

అంతటి ఆయనకూ చేదు తప్పలేదు. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు, అదీ ఆ చలిదేశంలో! ఇంకొకరైతే గోలు కొట్టలేని వాళ్లను నాలుగు తిట్టి ఊరుకునేవారు. రహీం మాత్రం అక్కడ బంగారు పతకం గెలిచిన హంగరీ ఆటను శ్రద్ధగా చదువుకున్నాడు. అందరికన్నా ముందుండాల్సిన మధ్య ఆటగాడు వెనక్కి తగ్గి ఆడటమే అందులోని కిటుకు.

వెనక్కి తగ్గితే గోలెట్లా పడుతుందంటారా? మా చిప్పగిరిలో విజయదాసుల ఆరాధననాడు పంక్తి వడ్డన చూడండి. కుర్రవాళ్లంతా బకెట్లు పట్టుకుని ఒక్కసారే విస్తళ్ల మీదికి ఉరికారో, గుండిగ దగ్గర నింపిచ్చే దిక్కుండదు. పులుసు వచ్చేసరికి అన్నం ఉండదు, అన్నం వచ్చేసరికి పులుసు ఇంకిపోయుంటుంది. తెలిసిన పెద్దాయన ఒకడు వెనక నిలబడి, ఎవరి చెయ్యి ఖాళీ అయిందో కనిపెట్టి అందిస్తుంటాడు చూశారూ, పంక్తంతా ఆయన మీదే నడుస్తుంది. ఫుట్‌బాల్‌లో ఇంకొక లాభం కూడా ఉంది. మధ్యవాడు వెనక్కొస్తే వాణ్ణి కాచే అవతలివాడూ వెంటపడి వస్తాడు. వాడు వదిలిన ఖాళీలోకి మనవాడు దూరతాడు. 1956లో మెల్‌బోర్న్‌లో మనం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. అందులో మూడు నెవిల్ డిసౌజా ఒక్కడివే. ఆ ఒలింపిక్స్‌లో మనది నాలుగో స్థానం.

ఈ పురాణం ఇప్పుడెందుకంటే, మా మనవరాలు రోజూ బస్సెక్కి గుంతకల్లు కాలేజీకి పోతుంది. అక్కడి ఆడపిల్లల జట్టులో ఆడుతుంది. పోయినేడు వాళ్లు ఆరు ఆటలాడి కొట్టిన గోలు ఒక్కటి. అదీ అవతలి పిల్ల మోకాలికి తగిలి దారితప్పి లోపలికి పోయిందట! ఈ ఏడు కొత్త కోచ్ వచ్చాడు. వస్తూనే వెనక కాపలా కాసే మా పిల్లను పిలిచి ముందుకు పొమ్మన్నాడు. పైగా నెలరోజులు ఎడమకాలితోనే తన్నాలన్నాడు.

"కుడికాలితోనే సరిగ్గా రాదు, ఎడమకాలితో ఎట్లొస్తుందవ్వా? నేను మానేస్తా" అని పిల్ల ముఖం ముడుచుకుంది. ఆ మాట మా కోడలికి పాయసం తాగినట్టుంది. దాని బాధ దానిది. చీకటి పడ్డాక బస్సు దిగే పిల్లకోసం రోడ్డుమీద నిలబడేది అది కదా. రేపు సంబంధాలొస్తే, మూతిమీద దెబ్బ ఏమిటని అడిగేవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సిందీ అదే.

పిల్లకు ఎడమకాలి పందెం గురించి చెప్పాను. కోడలికి మాత్రం జకార్తా సంగతి చెప్పాల్సి వచ్చింది. 1962 ఏషియన్ గేమ్స్‌లో జర్నైల్ సింగ్ అని మన వెనక కాపలా మనిషికి తల పగిలి కుట్లు పడ్డాయి. కట్టుతోనే అతణ్ణి రహీం తెచ్చి ముందు నిలబెట్టాడు. ఆ కాపలా మనిషి సెమీఫైనల్లో ఒక గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో ఇంకొకటి. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచి మనవాళ్లు బంగారు పతకం తెచ్చారు. అప్పటికే రహీం ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంది. మరుసటేడు జూన్‌లోనే పోయాడు.

కోడలు వేరుశనక్కాయలు ఒలుస్తూ అంతా వింది. చేట నిండేదాకా పలకలేదు.

"ఆడనియ్యి అత్తా, చూద్దాం. ఆరున్నర బస్సుకైనా సరే, నేను పోయి నిలబడతాలే" అంది చివరికి. లేచి పొట్టు చెరుగుతూ మళ్లీ ఆగింది. "తలతో మాత్రం కొట్టొద్దని నువ్వే చెప్పు."