ఉయిదాలోని కొండచిలువల గుడి

ఆఫ్రికాఖండపు పడమటి తీరమున, బెనిన్ దేశములో ఉయిదా యను చిన్న పట్టణము కలదు. మావారు ఘనాదేశపు ఆక్రా నగరములో నొక పాఠశాలయందు ఉపాధ్యాయులుగా నున్నందున, కడచిన సెలవులలో ఆ యూరు చూచు భాగ్యము నాకు గలిగినది. ఆక్రా నుండి తూర్పుగా తీరమార్గమున టోగో దేశమును దాటి పోవలెను. సరిహద్దులలో పత్రములు చూపుచు నిలుచుండుటయే ప్రయాణములో సగము.

ఊరి నడుమ కతోలికుల పెద్ద ప్రార్థనాలయమును, దాని కెదురుగా కొండచిలువల గుడియు నున్నవి. గుడి యనగా మన గోపురములను తలపవలదు. గుండ్రని చిన్నగదిలో నేలపై పదులకొలది పాములు ఒకదానిపై నొకటి చుట్టుకొని నిద్రించుచుండెను. దాంగ్బే యను దేవతకు ప్రతిరూపములుగా వీనిని అచ్చటివారు కొలుతురు. పూజారి యొకదానిని దెచ్చి మావారి మెడలో వేసెను. నేను రెండడుగులు వెనుకకు జరిగితిని, అందుకు సిగ్గుపడను.

ఇవి మన యడవులలోని కొండచిలువలవలె భారీవి కావు. నాలుగైదడుగులకు మించుట యరుదు. బెదరినప్పుడు తలను లోన దాచుకొని చెండువలె చుట్టుకొనును. ఆంగ్లమున వీనికి బాల్ పైథాన్ అను పేరు అందుచేతనే వచ్చినది. "వీనికేమి నైవేద్యము పెట్టుదురు?" అని దుబాసిచేత నడిగించితిని. నాగులచవితినాడు పుట్టలో పాలు పోయు దేశమువారము గదా! పూజారి నవ్వి, "మేము పెట్టము. అప్పుడప్పుడు రాత్రివేళ తలుపు తెరతుము. అవియే పోయి యెలుకలను తిని వచ్చును. ఎవరియింటనైన దూరినచో ఆ యింటివారే తెచ్చి యిత్తురు" అనెను.

ఆ మాటతో డల్లాసులోనున్న మా చెల్లెలు జ్ఞప్తికి వచ్చినది. దాని పన్నెండేండ్ల కుమారుడు ఈ జాతి పాముపిల్లనే గాజుపెట్టెలో పెంచుచున్నాడు. ఘనా, టోగో, బెనిన్ దేశములనుండి ఈ పిల్లలు వేలకొలదిగా అమెరికాకును ఐరోపాకును ఎగుమతియగుచుండును. (మనదేశపు కొండచిలువను ఇంట పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరమని సోదరీమణులు మరువరాదు.) "అక్కయ్యా, వీడు దానికి వారమునకొక్క చిట్టెలుకను మాత్రమే యిచ్చి మాడ్చుచున్నాడు" అని చెల్లెలు వాపోయెడిది. కడకు జాలిపడి, కొడుకు బడికిపోయినప్పుడు తానే మరి రెండు పెట్టినది. మరునాడు పాము సర్వము కక్కినది.

పిల్లవాని లెక్కయే సరియైనది. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల యించుమించు 50 మొదలు 80 గ్రాములు తూగును. తొలికుబుసము విడుచువరకు సాధారణముగా ఆహార మంటదు. పిమ్మట వారమునకొకమారు, తన బరువులో పదవవంతు మొదలు ఏడవవంతు వరకు తూగు ఎర చాలును. 80 గ్రాముల పిల్లకు 8 మొదలు 12 గ్రాముల చిట్టెలుక యన్నమాట. ఆ యెర పాము నడుముకంటె లావు కారాదు. బ్రదికియున్న యెలుక పామునే కొరుకగలదు గనుక, చంపి మంచులో నిలువచేసిన దానిని కరగించి, వెచ్చజేసి పెట్టుదురు. తిన్న పిమ్మట రెండుదినములు పామును తాకరాదు. పెట్టెలో నొకవైపు 31 మొదలు 33 డిగ్రీల వేడిమి యుండవలెను. లేనిచో కడుపులోని యాహారము జీర్ణము గాక కుళ్లును.

భోజనము పామునకు మనకువలె తేలికపని కాదు. బర్మా కొండచిలువకు తిన్న రెండుదినములలో గుండెకండ 40 శాతము పెరుగునని 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. జీర్ణమైన వెనుక అది మరల తగ్గును. ఇట్టి శ్రమ ముగియక మునుపే మరియొక ముద్ద పెట్టుట ప్రేమ యెట్లగును? ఎక్కువ పెట్టిన త్వరగా పెరుగుననుట నిజమే. కాని క్రొవ్వు కాలేయమున చేరి ఆయువు తరుగును. తొలియేడు ముగియునప్పటికి 300 మొదలు 500 గ్రాములకు వచ్చిన చాలును. ఆపైన పదిపదునాలుగు దినముల కొకమారు, పెద్దదైన పిదప మూడునాలుగు వారముల కొకమారు ఎర యిత్తురు. వెన్నెముక గట్టువలె పొడుచుకొని కనబడరాదు. ప్రక్కల మడతలును పడరాదు. చలికాలమున కొన్నివారములు ముట్టకపోయినను, బరువు తగ్గనంతవరకు బెంగవలదు. తగ్గుచున్నచో పశువైద్యునికి చూపవలెను.

భాగవతమున అవధూత తన గురువులలో అజగరమునుగూడ నెన్నుకొనెను. తనంత వచ్చిన దానిని తిని, రాకున్న నూరకుండుట దాని వ్రతమట. నేను చిన్ననాట తండ్రిగారియొద్ద ఆ ఘట్టము చదివినపుడు అది సోమరిపోతను పొగడుటగా దోచెడిది.

అమెరికాలోని సెయింట్ లూయీ జంతుశాలకు 1961లో వచ్చిన ఈ జాతి ఆడుపాము 2020లో ఏడు గ్రుడ్లు పెట్టినది. దాని వయస్సు అప్పటికి 62 ఏండ్లకు పైననే యని యంచనా. మా చెల్లెలి కిది వ్రాసితిని. కక్కిన పిదప రెండువారములు ఉపవాసముంచి, చిన్నయెరతో మరల నారంభించిరట. పిల్లవాడు నెలకొకమారు వంటింటి త్రాసుపై దానిని తూచి పుస్తకమున వ్రాయుచున్నాడు. ఇప్పుడు 310 గ్రాములు. మా చెల్లెలు మాత్రము, అది యింకను సన్నగానే యున్నదని వ్రాయుచున్నది.