ఉజ్జీ ఎవరు? (బరి అవతల – 9)

49–0.

బాక్సింగ్ అంటే ఏమీ తెలియనివాళ్ళు కూడా ఈ అంకె దగ్గర ఆగుతారు. రాకీ మార్సియానో. 49 పోరాటాలు, 49 గెలుపులు, అందులో 43 నాకౌట్లు. హెవీవెయిట్ ఛాంపియన్‌గా ఉంటూ, ఒక్కసారి కూడా ఓడకుండా 1956లో రిటైరయ్యాడు. దాని పక్కన ముహమ్మద్ అలీ రికార్డు పెట్టండి. 56 గెలుపులు, 5 ఓటములు.

అంకెల్నే తూకం వేస్తే అలీ తేలిపోతాడు. మరి ప్రపంచం అలీని ఎందుకు "గొప్పవాడు" అంటోంది?

మా ఊళ్ళల్లో ఎడ్ల పందెమైనా, కోడిపందెమైనా, కుస్తీ అయినా, ఎవరు గెలిచారని అడిగే ముందు ఒక మాట అడుగుతారు. "ఉజ్జీ ఎవరు?" అని. ఎవడి మీద గెలిచావో చెప్పకుండా గెలిచానంటే రచ్చబండ మీద కూర్చున్న ముసలాయన కూడా నమ్మడు. బాక్సింగ్ లోకం కూడా చివరికి అడిగేది ఇదే.

అలీ ఉజ్జీలను చూడండి. ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను రెండుసార్లూ మొదటి రౌండులోనే పడగొట్టిన సోనీ లిస్టన్‌ను 1964లో ఓడించాడు. అప్పటికి అలీకి 22 ఏళ్ళు. తనను 1971లో ఓడించిన జో ఫ్రేజియర్‌తో మళ్ళీ రెండుసార్లు తలపడి రెండుసార్లూ గెలిచాడు. ఆ ఫ్రేజియర్‌నూ, కెన్ నార్టన్‌నూ రెండేసి రౌండ్లలో ముగించిన జార్జ్ ఫోర్‌మన్, 40 పోరాటాల్లో ఓటమే ఎరగనివాడు. అతణ్ణి 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో ఎనిమిదో రౌండులో కింద పడేశాడు. అప్పుడు ఫోర్‌మన్‌కు 25, అలీకి 32. వియత్నాం యుద్ధానికి వెళ్ళనన్నందుకు మూడున్నరేళ్ళు రింగుకు దూరంగా ఉంచితే, తిరిగొచ్చి చేసిన పని ఇది.

అలీ ఐదు ఓటముల్లో మూడు 36 ఏళ్ళు దాటాక వచ్చినవి. మిగతా రెండు ఫ్రేజియర్, నార్టన్ చేతుల్లో. ఇద్దరినీ మళ్ళీ పిలిచి గెలిచాడు. కాబట్టి ఆ ఐదూ మచ్చలు కావు. కష్టమైన బరిలోకి దిగాడనడానికి సాక్ష్యాలు.

నాకు అలీ డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో పరిచయం. మా గదిలో ఒక సీనియర్ అన్న, బాబాసాహెబ్ ఫోటో పక్కన, పేపర్లోంచి కత్తిరించిన అలీ బొమ్మ అన్నం మెతుకులతో అంటించాడు. "ఈయన కూడా మనోడేనా అన్నా?" అని అడిగాను. "మనోడే. కాకపోతే వేరే ఊరి వాడ" అన్నాడు. ఆ మాట అప్పుడు సరదాగా అనిపించింది. తర్వాత నల్ల బాక్సర్ల చరిత్ర చదువుతూ పోతే, ఆ అన్న ఎంత సూటిగా చెప్పాడో అర్థమవుతూ వచ్చింది.

ఎందుకంటే "ఉజ్జీ ఎవరు" అన్న ప్రశ్నకు వెనక ఇంకో ప్రశ్న ఉంది. అసలు ఉజ్జీగా నిలబడడానికి ఎవర్ని రానిచ్చారు?

పీటర్ జాక్సన్ దగ్గర మొదలుపెడదాం. కరీబియన్ దీవుల్లో పుట్టి ఆస్ట్రేలియాలో బాక్సరైన నల్లవాడు. అప్పటి ఛాంపియన్ జాన్ ఎల్. సలివాన్ నల్లవాళ్ళతో పోటీ పడనన్నాడు. 1891లో జాక్సన్ జిమ్ కార్బెట్‌తో 61 రౌండ్లు పోరాడాడు. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. ఆ మరుసటి ఏడాదే కార్బెట్, సలివాన్‌ను కొట్టి ఛాంపియన్ అయ్యాడు. 61 రౌండ్లు తనతో సమానంగా నిలబడ్డవాడికి టైటిల్ పోరు మాత్రం ఇవ్వలేదు. 1898లో, వయసూ ఒళ్ళూ ఉడిగిపోయిన జాక్సన్‌ను జిమ్ జెఫ్రీస్ మూడు రౌండ్లలో ముగించాడు. జెఫ్రీస్ రికార్డులో అదొక గెలుపు. మరుసటి ఏడాది ఛాంపియన్ అయిన జెఫ్రీస్, టైటిల్ చేతిలో ఉన్నంతకాలం ఏ నల్లవాడికీ అవకాశం ఇవ్వలేదు.

తర్వాత జాక్ జాన్సన్. టామీ బర్న్స్ వెంటపడి, చివరికి 1908 డిసెంబర్ 26న సిడ్నీలో గెలిచి, మొదటి నల్ల హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. తెల్లవాళ్ళు తట్టుకోలేక రిటైరైన జెఫ్రీస్‌ను మళ్ళీ బరిలోకి లాక్కొచ్చారు. 1910 జూలై 4న రెనోలో జాన్సన్ అతణ్ణీ కొట్టాడు. ఆ రాత్రి అమెరికాలో చాలా పట్టణాల్లో నల్లవాళ్ళ మీద దాడులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. బరిలో ఒకడు గెలిస్తే వాడ మీద పడడం మనకేమన్నా కొత్తా?

1915లో హవానాలో జాన్సన్ ఓడిపోయాడు. ఆ తర్వాత 1937 దాకా, అంటే 22 ఏళ్ళు, ఒక్క నల్లవాడికి కూడా హెవీవెయిట్ టైటిల్ పోరు దక్కలేదు. ఆ కాలంలో నల్లవాళ్ళు బాక్సింగ్ మానేశారా? లేదు. శామ్ లాంగ్‌ఫర్డ్, హ్యారీ విల్స్, జో జెనెట్, శామ్ మెక్‌వే లాంటివాళ్ళు ఉన్నారు. బయట ఉజ్జీలు దొరక్క వాళ్ళలో వాళ్ళే కొట్టుకున్నారు. లాంగ్‌ఫర్డ్, విల్స్ ఇద్దరూ ఒకరితో ఒకరు పదిహేను సార్లకు పైగా తలపడ్డారు. వాళ్ళకోసం విడిగా ఒక టైటిల్ ఉండేది. "కలర్డ్ హెవీవెయిట్ ఛాంపియన్" అని.

దీన్ని మనకు ఎవరూ వివరించక్కర్లేదు. రెండు గ్లాసుల పద్ధతి. టీ ఒకటే, గ్లాసు వేరు. ఆట ఒకటే, బెల్టు వేరు.

ఆ 22 ఏళ్ళలోనే జాక్ డెంప్సీ 1919 నుంచి 1926 దాకా ఛాంపియన్. భీకరమైన బాక్సర్, అందులో అనుమానం లేదు. కానీ హ్యారీ విల్స్‌తో మాత్రం ఎన్నడూ తలపడలేదు. 1923 నుంచి 1926 దాకా మూడేళ్ళు టైటిల్ పోరుకే దిగలేదు. నిజంగా జరిగి ఉంటే డెంప్సీయే గెలిచేవాడేమో. ఇప్పుడు తేల్చే దారి లేదు. అందుకే నూరేళ్ళయినా డెంప్సీ పేరెత్తగానే విల్స్ పేరు వెన్నంటి వస్తుంది. ఏకలవ్యుడి బొటనవేలు తీసుకున్నాక అర్జునుడి సంగతీ అంతే. అర్జునుడే గొప్ప విలుకాడన్న మాటకు ఇక రుజువు మిగల్లేదు. గురువు శిష్యుడికి కీర్తి ఇవ్వబోయి అనుమానం ఇచ్చాడు.

మా ఊళ్ళో సంక్రాంతికి కబడ్డీ పోటీలు జరిగేవి. చుట్టుపక్కల ఊళ్ళ జట్లన్నీ వచ్చేవి. మా పేట జట్టు పేరు మాత్రం రాసుకునేవాళ్ళు కాదు. కబడ్డీ అంటే పట్టుకోవాలి, ఒళ్ళు ఒళ్ళు తగలాలి. అదే వాళ్ళ ఇబ్బంది. నోటితో మాత్రం అలా చెప్పరు. "జట్లు నిండిపోయినయ్‌రా" అనేవాళ్ళు. మేం పొద్దున ఆరింటికి పోయినా నిండిపోయేవి. మధ్యాహ్నం వచ్చిన పొరుగూరి జట్టుకు మాత్రం చోటు దొరికేది. మావాళ్ళు పండగ రోజు కోతకోసిన చేలో, వరి కొయ్యకాళ్ళ మీద, వాళ్ళలో వాళ్ళే ఆడుకునేవాళ్ళు. మోకాళ్ళు చీరుకుపోయేవి. ఆ ఊరి కప్పులన్నీ ఇప్పటికీ ఒక అద్దాల బీరువాలో ఉన్నాయి. వాటి మీద సంవత్సరం ఉంది, జట్టు పేరు ఉంది. ఎవర్ని ఆడనివ్వకుండా గెలిచారో లేదు.

ఏ రికార్డు పుస్తకమైనా అంతే. ఆడినవాళ్ళ పేర్లు రాస్తుంది. ఆడనివ్వనివాళ్ళ పేర్లకు అందులో గడి ఉండదు.

మళ్ళీ మార్సియానో దగ్గరికి వద్దాం. అతని మీద ఒక విమర్శ ఉంది, ముసలివాళ్ళను కొట్టాడని. 1951లో అతని చేతిలో పడిన జో లూయిస్‌కు 37 ఏళ్ళు. 1952లో టైటిల్ పోగొట్టుకున్న జెర్సీ జో వాల్కాట్‌కు 38. 1955లో చివరి పోరులో ఓడిన ఆర్చీ మూర్‌కు నలభై దగ్గరపడ్డాయి. విమర్శ నిజమే. అయితే మార్సియానోకు న్యాయంగా ఒకటి చెప్పాలి. అతను రంగు చూసి తప్పించుకోలేదు. అతని పెద్ద పోరాటాల్లో ఎక్కువ భాగం నల్లవాళ్ళతోనే. ఎదురొచ్చినవాడితో తలపడ్డాడు.

మనం అడగాల్సింది ఇంకొకటి. వాళ్ళు అతని ముందుకొచ్చేసరికి ఎందుకు ముసలివాళ్ళయ్యారు? ఆర్చీ మూర్ 1935లో ప్రొఫెషనల్ అయ్యాడు. మొదటి టైటిల్ పోరు దక్కింది 1952 చివర్లో. పదిహేడేళ్ళు! వాల్కాట్ ఐదో ప్రయత్నంలో, 37 ఏళ్ళ వయసులో ఛాంపియన్ అయ్యాడు. మూర్ తరంలోనే చార్లీ బర్లీ అనే అద్భుతమైన బాక్సర్‌కు జీవితమంతా టైటిల్ పోరే దక్కలేదు. ప్రత్యర్థి నాణ్యత అంటాం కదా, ఆ నాణ్యతలో వయసు ఒక భాగం. ఆ వయసును క్యూలో నిలబెట్టి తినేసిందెవరు?

మనలో ముప్పై ఐదేళ్ళకు పీహెచ్‌డీ పూర్తి చేసినవాళ్ళనూ, నలభైకి మొదటి ఉద్యోగం ఎక్కినవాళ్ళనూ "లేటు" అంటారు. వాళ్ళు లేటుగా బయల్దేరారా, లేటు చేశారా? అడిగేవాడుండడు.

జో లూయిస్ కథ ఇంకో రకం. అలబామాలో పత్తి చేలల్లో కౌలుకు బతికిన కుటుంబం. 1937లో ఛాంపియన్ అయ్యి, పదకొండేళ్ళ ఎనిమిది నెలలు టైటిల్ నిలబెట్టుకున్నాడు. 25 సార్లు కాపాడుకున్నాడు. 1940 డిసెంబర్ నుంచి 1941 జూన్ దాకా నెలకొకరితో తలపడ్డాడు. మెచ్చుకోవాల్సిందే కదా? పత్రికలవాళ్ళు ఆ ప్రత్యర్థులకు "నెలకో పనికిమాలినవాడు" అనే అర్థం వచ్చే పేరు పెట్టి నవ్వారు. ఆ వరసలో ఏడోవాడు బిల్లీ కాన్. పన్నెండు రౌండ్లు లూయిస్‌ను ముప్పుతిప్పలు పెట్టి పదమూడో రౌండులో పడ్డాడు. 1936లో తనను ఓడించిన మ్యాక్స్ ష్మెలింగ్‌ను లూయిస్ 1938లో మళ్ళీ పిలిచి 124 సెకన్లలో ముగించాడు.

గమనించండి. డెంప్సీ మూడేళ్ళు ఊరికే కూర్చుంటే దిగ్గజం. లూయిస్ నెలనెలా బరిలోకి దిగితే ప్రత్యర్థులు పనికిమాలినవాళ్ళు. మనవాడు గెలిస్తే పేపర్ ఈజీగా వచ్చిందంటారు. వాళ్ళవాడు గెలిస్తే కష్టపడ్డాడంటారు. కొలబద్ద మంచిదే. అది ఎవరి చేతిలో ఉందన్నదే సమస్య.

ఇప్పుడు మనకు ఇబ్బందిగా ఉండే సంగతి ఒకటి. దాన్ని దాటేసి పోతే ఈ వ్యాసం రాయడం దండగ.

జాక్ జాన్సన్ ఛాంపియన్ కాకముందు 1906లో శామ్ లాంగ్‌ఫర్డ్‌తో తలపడి గెలిచాడు. తనకన్నా చాలా చిన్న ఒళ్ళున్న ఆ మనిషి 15 రౌండ్లు నిలబడ్డాడు. ఛాంపియన్ అయ్యాక మాత్రం జాన్సన్ అతనికి టైటిల్ పోరు ఇవ్వలేదు. జెనెట్‌కు ఇవ్వలేదు, మెక్‌వేకు ఇవ్వలేదు. తెల్లవాడితో తలపడితే డబ్బు ఎక్కువ. టికెట్లు కొనేది తెల్లవాళ్ళు, వాళ్ళు చూడాలనుకున్నది నల్లవాడు ఓడిపోవడం. మార్కెట్ అలా తయారుచేశారు, నిజమే. అయినా తలుపు దగ్గర నిలబడింది జాన్సన్. లాంగ్‌ఫర్డ్ తర్వాత గుడ్డివాడై, 1944లో ఒక పత్రికా విలేకరి వెతుక్కుంటూ పోతే, హార్లెమ్‌లో ఒక గదిలో పేదరికంలో దొరికాడు.

జాన్సన్ పడిన హింసను నేను తక్కువ చేయను. అతని మీద పెట్టిన కేసు ఎంత అన్యాయమో అమెరికా 2018లో క్షమాభిక్ష ఇచ్చి ఒప్పుకోవాల్సి వచ్చింది. కానీ లాంగ్‌ఫర్డ్‌ను లెక్కలోకి తీసుకోకుండా జాన్సన్‌ను తూచితే, వాళ్ళు మనకు చేసిందే మనం లాంగ్‌ఫర్డ్‌కు చేసినట్టు. మన సంఘాల్లో కూడా చూస్తున్నాం. మైకు దొరికినవాడు వెనకున్న చెల్లెలికి మైకు ఇవ్వడు. ఒక సీటు దొరికితే, ఆ సీటుకు ఇంకో మనవాడు పోటీకి రాకుండా చూసుకుంటాడు. మొదటివాడు కావడం గొప్పే. రెండోవాడికి దారి ఇచ్చాడా లేదా అన్నది కూడా ఆ గొప్పలో భాగమే.

మన నేల మీది సంగతి ఒకటి. 2019లో ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కు ట్రయల్ లేకుండానే మేరీ కోమ్‌ను పంపాలనే ఆలోచన వచ్చింది. ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్, మణిపూర్ ఆదివాసీ బిడ్డ, ఆమె గొప్పతనం మీద ఎవరికీ పేచీ లేదు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ సీటు అడగలేదు, జాలి అడగలేదు. ట్రయల్ పెట్టండని క్రీడామంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. పెట్టారు. డిసెంబర్‌లో 9–1 తేడాతో ఓడిపోయింది. ఎగతాళి చేసినవాళ్ళున్నారు. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యింది, 2023లో మళ్ళీ అయ్యింది. ఆ 9–1 ఆమె రికార్డులో ఓటమే. నా లెక్కలో మాత్రం, బరిలోకి రానివ్వమని అడిగి సాధించుకున్న గెలుపు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా స్టడీ సర్కిల్‌కు వచ్చే ఒక ఇంజనీరింగ్ తమ్ముడు పోయిన వారం, రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయని, ఇక కాలేజీ మానేస్తానని అన్నాడు. "నా క్లాస్‌మేట్‌కు ఒక్కటీ లేదన్నా, మెరిట్ అంటే అదే కదా" అన్నాడు. ఆ క్లాస్‌మేట్ ఇంట్లో తాత ఇంజనీరు. వీళ్ళ అమ్మ మిరపకోతకు పోతుంది. మొదటి ఏడాదంతా ఇంగ్లీషులో చెప్పే పాఠంతో ఒక చేత్తో, స్కాలర్‌షిప్ రాక మెస్ బిల్లుతో ఇంకో చేత్తో కొట్టుకున్నాడు ఈ పిల్లవాడు. ఇద్దరి మార్కుల జాబితా ఒకేలా ప్రింటవుతుంది. ఎదురుగా నిలబడ్డవాళ్ళు ఒకరు కారు.

ఆ క్లాస్‌మేట్ చదువును నేను తీసిపారేయడం లేదు. ఎవరి మార్కులైనా చూపించండి, చూస్తాం. కానీ పక్కన ఉజ్జీ పేరు కూడా రాయండి. మీ రికార్డులో సున్నా ఓటములు ఉండొచ్చు, మా దాంట్లో ఐదు ఉండొచ్చు. ఎవరెవరితో తలపడ్డామో, ఎవర్ని రానివ్వకుండా ఆపారో, ఎన్నేళ్ళు క్యూలో నిలబెట్టారో కూడా కలిపి తూచండి. అప్పుడు ఎవరు హెవీవెయిటో తేలుతుంది.

మానకండి, తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. ఓటమి లేని రికార్డు కోసం బరి దిగిపోవద్దు.

జై భీమ్.